‘పురుగుల మందు వేశారు’ అంటే అసలు ఏం వేసినట్టు?

మా ఇంటికొచ్చిన కుక్కపిల్లకి మా అమ్మాయి సున్నుండ అని పేరు పెట్టింది. దాని పొట్ట చూసి పెట్టిన పేరు అది. 32 రోజుల పిల్ల, కాళ్ళు అగ్గిపుల్లల్లా ఉన్నాయి, వెన్ను మీద చెయ్యి పెడితే ఎముకలు తగులుతున్నాయి, పొట్ట మాత్రం గుండ్రంగా బిగదీసి ఉంది. బాగా పాలు తాగొచ్చినట్టుంది అని అందరం మురిసిపోయాం. నాలుగో రోజు పొద్దున్నే వాంతి చేసుకుంది. అందులో సేమ్యా పోగుల్లాంటివి నాలుగైదు, తెల్లగా, ఇంకా మెలికలు తిరుగుతూ.

దానితో పాటు వచ్చిన కార్డు తీసి చూస్తే ‘డీవార్మింగ్ అయింది’ అని పెన్నుతో రాసి, పక్కన మా ఇంటికి రావడానికి వారం ముందటి తేదీ వేసి ఉంది. అమ్మినతను అబద్ధం రాశాడా అంటే, కాదు. మందు నిజంగానే వేసుంటాడు. మందు వేసినా పురుగులుండటం మామూలే అని అప్పుడు నాకు తెలీదు. ఆ తర్వాత రెండు వారాలు సున్నుండతో తిరిగిన తిరుగుడులో, డాక్టరుగారిని విసిగించి తెలుసుకున్నదీ కూర్చుని చదువుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే కుక్కపిల్ల తెచ్చుకున్న ప్రతి ఇంట్లోనూ ఇదే మాట వింటాం: ‘పురుగుల మందు వేశామండీ, అయినా మోషన్స్ ఆగట్లేదు.’

ముందు మా పిన్నిగారి మాట తేల్చేద్దాం. తీపి పెట్టడం వల్లే పురుగులు పడ్డాయని ఆవిడ వాదన. మనుషుల పిల్లలకైనా కుక్కపిల్లలకైనా బెల్లం తింటే పురుగులు పడవు. పురుగు పురుగు నుంచే రావాలి, గుడ్డుగానో పిల్లగానో లోపలికి వెళ్ళాలి. కుక్కపిల్లల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. అది ఏమీ తినకముందే, నేల మీద కాలు పెట్టకముందే, కొన్నిసార్లు పుట్టకముందే పురుగులు లోపలుంటాయి.

ఎలాగంటే, వాంతిలో కనిపించిన ఆ సేమ్యా పురుగుల్ని ఏలికపాములంటారు, కుక్కల్లో వచ్చే రకం పేరు టాక్సోకేరా కేనిస్. వీటి గుడ్లు మట్టిలో ఉంటాయి, పెద్ద కుక్క నాకినప్పుడో వాసన చూసినప్పుడో లోపలికి పోతాయి. పేగులో గుడ్డు పగిలి పిల్లపురుగు బయటికొస్తుంది. పెద్ద కుక్క ఒంట్లో అది చాలావరకు పేగులో స్థిరపడదు, ఒంట్లోకి తిరుగుతూ పోయి కండల్లో, మిగతా అవయవాల్లో ముడుచుకుని పడుకుంటుంది. నెలలు, ఏళ్ళు అలాగే ఉండగలదు. కుక్కకి ఏ బాధా ఉండదు, మలపరీక్ష చేయిస్తే ఏమీ కనబడదు, మామూలు పురుగుల మాత్ర అక్కడిదాకా పనిచేయదు. ఆ కుక్క ఆడదై, కడుపుతో ఉంటే కథ మారుతుంది. కుక్క మోసేది సుమారు 63 రోజులు. అందులో 42వ రోజు దాటాక నిద్రపోతున్న ఈ పిల్లపురుగులు లేచి, మాయ దాటి, కడుపులో ఉన్న పిల్లల్లోకి పోతాయి. కొన్ని ఆ తర్వాత పాల ద్వారా వెళ్తాయి. పిల్ల పుట్టగానే అవి కాలేయం నుంచి ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి శ్వాసనాళం ఎక్కి గొంతులోకి వస్తాయి. పిల్ల దగ్గి వాటిని మింగేస్తుంది, అలా పేగులోకి చేరతాయి. మూడు వారాలు వచ్చేసరికి పెద్దవై గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. ఒక్క ఆడ పురుగు రోజుకు లక్ష దాకా గుడ్లు పెడుతుంది.

వారం వయసు పిల్ల దగ్గుతూ ఆయాసపడుతుంటే చలి తగిలిందనుకుంటాం. కొన్నిసార్లు అది ఊపిరితిత్తుల్లోంచి వెళ్తున్న పురుగుల పని. తర్వాత పొట్ట ఉబ్బటం, వెంట్రుకలు గరుకుగా అవ్వటం, తిన్నది ఒంటికి పట్టకపోవటం, ఎక్కువైతే పురుగులు ఉండలు కట్టి పేగు మూసుకుపోవటం. సున్నుండ పొట్ట సంగతి ఇదన్నమాట. మేం ముద్దుగా పిలుచుకుంటున్నది జబ్బు లక్షణాన్ని.

సరే, ఇప్పుడు కార్డు మీది ఆ ఒక్క లైనుకొద్దాం. కుక్కపిల్లలకు వేసే మామూలు సిరప్ (పైరాంటెల్ అనేది ఎక్కువ వాడతారు, రెండు వారాల పిల్లకు కూడా వేయొచ్చు) ఆ రోజు పేగులో ఉన్న పురుగుల మీద పనిచేస్తుంది. ఊపిరితిత్తుల్లో ఉన్నవాటి మీద, దారిలో ఉన్నవాటి మీద, రేపు పాలతో రాబోయేవాటి మీద పనిచేయదు. వచ్చే వారం అవి పేగులోకి దిగుతాయి, అప్పటికి మందు ఒంట్లో ఉండదు. అందుకే ఒక్కసారి వేసి చేతులు దులుపుకోవడం కాదు, రెండు వారాల వయసులో మొదలుపెట్టి 4, 6, 8 వారాలకు మళ్ళీ మళ్ళీ వేయాలంటారు. ఆ తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి. రెండో వారమే ఎందుకంటే మూడో వారానికి పురుగులు గుడ్లు పెట్టడం మొదలవుతుంది కాబట్టి, అంతకుముందే పట్టుకోవాలి. సున్నుండకు మొదటిసారి వేసింది 25వ రోజున. అప్పటికే పురుగులు కాపురం పెట్టేసి ఉంటాయి. డోసు ఎంత వేశారో దేవుడికే తెలియాలి. పిల్ల బరువు వారం వారం పెరుగుతుంటుంది, కిందటిసారి వేసినంతే ఈసారీ వేస్తే సగం డోసే పడుతుంది. మేమిప్పుడు వంటింటి కాటా మీద గిన్నె పెట్టి, అందులో దాన్ని కూర్చోబెట్టి తూకం చూసి ఆ అంకె డాక్టరుగారికి చెబుతున్నాం.

ఏలికపాములు చూడ్డానికి భయంకరంగా ఉంటాయి గానీ, నా లెక్కలో వాటికంటే ప్రమాదం కొంకి పురుగులు. ఇవి కంటికి అంత తేలిగ్గా కనబడవు, సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడవు, దారప్పోగంత సన్నం. నోటికి కొక్కేల్లాంటి పళ్ళు, వాటితో పేగు గోడ పట్టుకుని రక్తం తాగుతాయి. తాగినంతసేపు రక్తం గడ్డకట్టకుండా ఏదో వదులుతాయి, కాసేపటికి ఆ చోటు వదిలి ఇంకో చోట కొరుకుతాయి, వదిలేసిన చోట రక్తం కారుతూనే ఉంటుంది. ఒక్కో పురుగు వల్ల రోజుకు 0.1 మి.లీ. దాకా రక్తం పోతుంది. ఇంతేనా అనిపిస్తుంది కదా. కిలో బరువున్న పిల్ల ఒంట్లో మొత్తం రక్తం 80, 90 మి.లీ. ఉంటుంది. వంద పురుగులుంటే రోజుకు 10 మి.లీ. లెక్క మీరే వేసుకోండి.

ఇవి ముఖ్యంగా తల్లి పాలతో వస్తాయి. తల్లి కండల్లో నిద్రపోయే అలవాటు వీటికీ ఉంది, ఈనాక లేచి పాలలోకి దిగుతాయి. కిందటి చలికాలం మా అపార్ట్‌మెంట్ వెనక వీధికుక్క ఐదు పిల్లలు పెట్టింది. మొదటి వారం బొద్దుగా ఉన్నాయి, రెండో వారం నుంచి ఒక్కొక్కటే వాడిపోయి, మూడో వారానికి మూడు పోయాయి. వాచ్‌మన్ దిష్టి అన్నాడు, మా అత్తగారు చలి అన్నారు. మిగిలిన రెండింట్లో ఒకదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు పెదవి ఎత్తి చూపించారు. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాల్సింది పోయి, తెల్ల కాగితంలా ఉన్నాయి. మలం తారులా నల్లగా ఉంది. పోయిన మూడింటికీ ఇదే జబ్బని రుజువేమీ లేదు, కానీ రెండో వారం దాకా బాగుండి తర్వాత కుప్పకూలడం కొంకి పురుగుల పద్ధతే. పైగా ఇక్కడో మోసం ఉంది. పిల్ల ఒంట్లో పురుగులు గుడ్లు పెట్టడానికి రెండు వారాలకు పైనే పడుతుంది, రక్తం తాగడం మాత్రం అంతకు వారం ముందే మొదలుపెడతాయి. కాబట్టి రక్తం తగ్గి చావుబతుకుల్లో ఉన్న పిల్ల మలంలో కూడా గుడ్లు కనబడకపోవచ్చు. ‘టెస్టులో ఏమీ లేదన్నారండీ’ అనే మాటను మరీ నమ్మకూడదని నాకు అప్పుడే అర్థమైంది.

కొంకి పురుగు నోటి ద్వారానే కాదు, చర్మం గుండా కూడా దూరుతుంది. మనుషులకొచ్చే కొంకి పురుగు విషయంలో ఇది కనిపెట్టింది ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త, 1890ల్లో ఈజిప్టులో. పరిశోధన చేస్తుంటే పిల్లపురుగులున్న నీళ్ళు ఆయన చేతి మీద ఒలికాయి. దురద పెట్టి ఎర్రబడింది, కొన్ని వారాలకు ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి. కుక్కల రకం కూడా ఇదే పని చేస్తుంది. తడిగా, వెచ్చగా, నీడగా ఉన్న మట్టిలో గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పగిలి, వారంలోపు చర్మం దూరే దశకొస్తుంది. అంటే మన వానాకాలం వీటికి పండగ. మే నెల ఎండకు కాగిన డాబా మీద మాత్రం ఇవి ఎండి చచ్చిపోతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. బద్దె పురుగు: పిల్ల తోక కింద, పడుకున్న గుడ్డ మీద బియ్యపుగింజల్లాంటివి కదులుతూ కనిపిస్తాయి, ఎండితే నువ్వుగింజల్లా ఉంటాయి. చూసి గాభరా పడతాం గానీ దీనివల్ల పిల్ల ప్రాణం మీదికి రావడం అరుదు. ఇది తల్లి నుంచి రాదు, బొచ్చులో చురుగ్గా పరిగెత్తే ఫ్లీలను (పిడుదులు వేరు, ఇవి వేరు) కొరికి మింగితే వస్తుంది. దీనికి పైరాంటెల్ పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ కావాలి, ఫ్లీల సంగతి చూడకుండా మందు మాత్రమే వేస్తే నెలలోపు మళ్ళీ వస్తుంది. ఇక కొరడా పురుగు అని ఇంకోటుంది, అది గుడ్లు పెట్టే దశకు రావడానికి మూడు నెలలు పడుతుంది కాబట్టి, నెల పిల్లకు అదే జబ్బని ఎవరైనా అంటే అనుమానించండి.

మళ్ళీ సున్నుండ దగ్గరికొస్తే, సిరప్ వేశాక మర్నాడు మలంలో గుప్పెడు పురుగులు పడ్డాయి, పొట్ట తగ్గింది, ఆడటం మొదలుపెట్టింది. అయిపోయిందనుకున్నాం. కానీ మోషన్స్ నీళ్ళలాగే అవుతున్నాయి, మధ్యలో జిగురు. మళ్ళీ సిరప్ వేద్దామా అని ఫోన్ చేస్తే డాక్టరుగారు వద్దన్నారు, శాంపిల్ తెమ్మన్నారు. మైక్రోస్కోపు కింద కనిపించింది కాక్సిడియా.

నన్ను అడిగితే అసలు చిక్కుముడి ఇక్కడుంది. మనం పురుగులు అని ఒకే మాటతో పిలిచేవాటిలో కొన్ని పురుగులే కావు. కాక్సిడియా, జియార్డియా రెండూ ఒకే కణం ఉన్న సూక్ష్మజీవులు, ఎంత వెతికినా మలంలో కంటికి కనబడవు. మామూలు డీవార్మింగ్ సిరప్ కాక్సిడియాను ఏమీ చేయదు, దానికి సల్ఫా మందులు గానీ టోల్ట్రాజురిల్ అనే మందు గానీ కావాలి. జియార్డియాకి ఫెన్‌బెండజోల్ కొన్ని రోజులు వరసగా ఇస్తారు, లేదా మెట్రోనిడజోల్. కాక్సిడియా చాలా పిల్లల్లో ఉంటుంది, ఊరికే ఉంటుంది, పిల్లకు టెన్షన్ వచ్చినప్పుడు విజృంభిస్తుంది. తల్లిని వదిలి, కారులో ఊరు మారి, కొత్త ఇంట్లో కొత్త తిండి తిన్న నెల పిల్లకు టెన్షన్ కాక ఏముంటుంది? మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాల లోపు పిల్లల్ని అమ్మకూడదు. నేను 32 రోజుల పిల్లను కొన్నాను, అదీ నా తప్పే. ముద్దొస్తుందని కొన్నాను.

కాక్సిడియా ఫెనాయిల్‌కి చావదు. మరిగే నీళ్ళకు చస్తుంది. రోజూ దాని పక్కగుడ్డలు మార్చి, గిన్నెలు మరిగే నీళ్ళతో కడిగి, మలం పడగానే తీసేయటం, మందుతో సమానంగా పనిచేసిందనుకుంటున్నా.

మలపరీక్ష గురించి ఒక మాట. శాంపిల్ తాజాగా ఉండాలి, మట్టి అంటకుండా చిన్న డబ్బాలో వేసి కొద్ది గంటల్లో ఇచ్చేయాలి. కొంచెం మలం అద్దం ముక్క మీద పూసి చూడటం ఒక పద్ధతి, చిక్కటి ఉప్పుద్రావణంలో కలిపి గుడ్లు పైకి తేలేలా చేసి చూడటం ఇంకో పద్ధతి. రెండో దాంట్లో దొరికే అవకాశం ఎక్కువ, ఏది చేస్తున్నారో అడగండి, తప్పులేదు. జియార్డియా అయితే ఒకరోజు కనబడి ఇంకోరోజు కనబడదు, రెండుమూడు రోజుల శాంపిళ్ళు చూడాల్సి వస్తుంది. దగ్గర్లో ల్యాబ్ లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి లాంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి.

పార్వో (కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) మాట ఎత్తకుండా ఇది పూర్తవదు. పిల్లకి విరేచనాలు అనగానే వాట్సాప్ గ్రూపులో మొదటి మాట పార్వో, రెండో మాట పురుగులు. బయటినుంచి చూసి తేల్చడం కుదరదు, రక్త విరేచనం రెండింట్లోనూ వస్తుంది. పార్వోలో సాధారణంగా పిల్ల ఒక్కసారిగా తిండి మానేస్తుంది, వరసగా వాంతులు, నీరసంతో లేవలేకపోవటం, గంటల్లో పరిస్థితి దిగజారటం. మలంతో చేసే చిన్న కిట్ టెస్టుంది, డాక్టరు దగ్గరే నిమిషాల్లో తెలుస్తుంది. అసలు సమస్య ఏంటంటే రెండూ కలిసి కూడా రావచ్చు, పురుగులతో పేగు పాడైన పిల్లను పార్వో ఇంకా గట్టిగా దెబ్బకొడుతుంది. మలంలో పురుగు కనిపించింది కదా, జబ్బు తెలిసిపోయిందిలే అని ఇంట్లో కూర్చోవద్దని అందుకే చెప్పడం. పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. తెల్లగా ఉన్నా, వేలు పెడితే జిగటగా పొడిగా తగిలినా, పిల్ల ఒళ్ళు చల్లబడినా రేపు పొద్దున దాకా ఆగే వ్యవహారం కాదు. అలా పడిపోయిన పిల్లకు ఇంట్లో పురుగుల మందు పోయడం కూడా మంచిది కాదు, ముందు సెలైన్, వేడి, అవసరమైతే రక్తం, మందు ఎప్పుడన్నది డాక్టరు చూసుకుంటారు.

ఇంటి వైద్యాల దగ్గర నాకు కోపం ఆగదు, క్షమించాలి. వెల్లుల్లి దంచి రసం పోస్తే పురుగులు పోతాయని ముగ్గురు చెప్పారు. వెల్లుల్లి, ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కొంకి పురుగులు రక్తం తాగేస్తున్న పిల్లకు మిగిలిన రక్తాన్ని మనం తీసేసినట్టు. ఆముదం పోస్తే అసలే నీళ్ళు పోతున్న పిల్లకు ఇంకా పోతాయి. బడి పిల్లలకు నులిపురుగుల దినోత్సవానికి ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఇంట్లో మిగిలితే దాన్ని విరిచి వేసేవాళ్ళున్నారు. అది మనుషులకు లెక్కగట్టిన 400 మి.గ్రా. మాత్ర, పైగా ఆ మందు కుక్కల్లో ఎముక మజ్జను దెబ్బతీయగలదు. వీటన్నిటికంటే భయంకరం పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్. ఒక్క మి.లీ.లో 10 మి.గ్రా. ఉంటుంది, కిలో పిల్లకు సిరంజిలో చుక్క అటూ ఇటూ అయినా మెదడు మీదికొస్తుంది, కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి పుట్టుకతోనే ఆ మందు తట్టుకునే శక్తి తక్కువ.

పక్కింటావిడ అడిగింది, మనవణ్ణి దీంతో ఆడనివ్వచ్చా అని. ఆడనివ్వచ్చు, చేతులు కడుక్కుంటే. ఏలికపాము గుడ్డు తాజా మలంలో ఉన్నప్పుడు అంటదు, మట్టిలో కనీసం రెండు వారాలు పండాలి. అందుకే ఏ రోజు మలం ఆ రోజు తీసేస్తే సగం గొడవ లేదు, వదిలేస్తే మాత్రం ఆ గుడ్లు మట్టిలో ఏళ్ళు బతుకుతాయి. మట్టి తినే వయసు పిల్లలకు అలా లోపలికి పోతే, ఆ పురుగు మనిషి ఒంట్లో పెద్దదవలేక దారి తెలియక కాలేయంలోనో, కంట్లోనో తిరుగుతుంది, కంట్లోకి పోతే చూపు పోయే ప్రమాదం ఉంది. కొంకి పురుగైతే చెప్పుల్లేని పాదం నుంచి దూరి చర్మం కింద ఎర్రగా వంకరటింకర గీతలు గీస్తుంది, తెగ దురద. సున్నుండను ఇసుకకుప్ప దగ్గరికి పోనివ్వకపోవడానికి కారణం ఇదే, దాని మీద ప్రేమ లేక కాదు.

సున్నుండకు ఇప్పుడు మూడు నెలలు నిండాయి. 1.3 కిలోలతో వచ్చింది, నిన్నటి తూకం 6 కిలోలు, పొట్ట లోపలికి పోయి నడుము కనిపిస్తోంది, పేరు మాత్రం మారలేదు. మొన్న దాన్ని అమ్మినతనికి ఫోన్ చేశాను. తల్లికి కడుపుతో ఉన్న 40వ రోజు నుంచి ఈనాక 14 రోజుల దాకా ఫెన్‌బెండజోల్ ఇస్తే, పిల్లలకు పోయే పురుగులు చాలా తగ్గుతాయట, ఈసారి డాక్టరుని అడిగి చేయించండి, కనీసం పిల్లలకు వేసే రోజున తల్లికి కూడా వేయండి అని చెప్పాను.

‘తల్లికెందుకండీ? అది శుభ్రంగా ఉంది’ అన్నాడు. మళ్ళీ కడుపుతో ఉందట.